పిండి తగ్గించిన కేకు

అనంతపురము, ధర్మవరము, హిందూపురము, కదిరి – ఈ పట్టణములలో బజారున నడచువారికి ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ అను బోర్డు ఎక్కడో ఒకచోట కంటబడకపోదు. అద్దాల బీరువాలో పేర్చిన తినుబండారములలో పిల్లల చూపు ముందుగా పడునది హనీ కేకు మీద. మెత్తని కేకును పాకముతో తడిపి, పైన ఎఱ్ఱని జాము పూసి, దానిమీద ఎండుకొబ్బరి పొడి చల్లుదురు. మైదా, చక్కెర, పాకము, జాము – ఈ నాల్గింటిలోను ఉన్నది పిండిపదార్థమే. కొబ్బరిపొడి ఒక్కటే అందుకు మినహాయింపు. మధుమేహము గలవారు ఆ బీరువా ముందు ఎక్కువసేపు నిలువరు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము మన దేశములో అట్టివారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారు కూడ తినదగిన కేకు చేయవచ్చునా? ఈ ప్రశ్న నేటి వేడుకల వలన పుట్టినదని తోచవచ్చును గాని, దీనికి రెండు వందల సంవత్సరముల పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో చివరి మాట చెప్పగల పంట అనంతపురపు ఎఱ్ఱ నేలలోనే పండుచున్నది.

ఈ పీఠభూమికి పిండిపదార్థము ఎక్కువై చిక్కు వచ్చుట కొత్త సంగతి. వెనుకటి కథ దీనికి తలక్రిందులు. నైరుతి ఋతుపవనము తన తేమను పడమటి కనుమలపైనే వదలి ఇటు వచ్చును. ఈశాన్య ఋతుపవనము కోస్తా దాటి ఇంత దూరము వచ్చుసరికి బలహీనపడును. అందుచేత ఇక్కడ సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. అదియు పడవలసిన నెలలో పడునన్న నమ్మకము లేదు. 1876–78 కరవు నాటికి అనంతపురము బళ్ళారి జిల్లాలో భాగము. ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 1882లో. (2022లో హిందూపురము, ధర్మవరము, కదిరి ప్రాంతములు విడివడి శ్రీ సత్యసాయి జిల్లా అయినవి.) ఆ కరవులో పనికి వచ్చిన కూలీలకు ఎంత తిండి చాలునన్న తగవు ప్రభుత్వములోనే పుట్టినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వయస్సు వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి పైకము చాలునని నిర్ణయించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. రాళ్ళు కొట్టు మనిషికి అది చాలదనియు, వట్టి ధాన్యముతో శరీరము నిలువదనియు, పప్పుదినుసులు కూడ కావలెననియు ఆయన వాదము. మద్రాసు ప్రభుత్వము కొంతకాలమునకు కూలిని మరల పెంచినది. మాంసకృత్తుల అవసరమును గూర్చి మన దేశములో జరిగిన తొలి బహిరంగ వాదములలో ఇది ఒకటి. అది ప్రయోగశాలలో గాక కరవు శిబిరములలో జరిగినది.

ఇక కేకు సంగతి. కేకునకు ఒడ్డు, పొడవు ఇచ్చునదేది? ఇటలీలోని బొలోన్యా నగరములో బెకారీ అను పండితుడు గోధుమపిండిని ముద్ద చేసి నీటిలో పిసికి, దానిని రెండుగా విడదీసెను. 1728లో ఆయన ఉపన్యసించిన ఈ విషయము 1745లో అచ్చయినది. ఇది ఏ పాఠశాలలోనైనను చేయదగిన ప్రయోగము. పిడికెడు మైదాను గట్టిగా తడిపి, అరగంట నాననిచ్చి, గిన్నెడు నీటిలో పిసుకుచు పోయినచో నీరు పాలవలె తెల్లబడును. నీటిని రెండు మూడు మారులు మార్చిన పిమ్మట చేతిలో బంకవలె సాగు ముద్ద ఒకటి మిగులును. ఇది గ్లూటెన్, అనగా మాంసకృత్తు. తెల్లని నీటిలో అయొడిన్ చుక్క వేసినచో నీలిరంగు వచ్చును, అది పిండిపదార్థము. కేకు పిండిని ఓవెన్‌లో పెట్టినప్పుడు వంటసోడా వలనను, గిలకొట్టిన గ్రుడ్డు వలనను చేరిన గాలిబుడగలు వేడికి ఉబ్బును. బుడగల గోడలను గ్లూటెన్, గ్రుడ్డులోని మాంసకృత్తులు పట్టి ఉంచగా, పిండి నీరు పీల్చి ఉబ్బి ఆ గోడలను బిగించును. చక్కెర తీపి కొరకే అనుకొనరాదు. అది తేమను నిలుపును, గోడలు మరీ తొందరగా గట్టిపడకుండ ఆపును, పైన గోధుమ రంగు తెచ్చును. మైదాను, చక్కెరను తీసివేయుట అనగా ఇంటికి ఇటుకను, సున్నమును ఒకేసారి తీసివేయుట వంటిది. అయినను వైద్యులు వంటవారిని అదే పని చేయుమని అడిగిరి.

ఎందుకు అడిగిరో చూతము. మధుమేహమును మన ప్రాచీన వైద్యులు ఎరుగుదురు. చరక సంహిత ప్రమేహ రోగికి యవలను ముఖ్యాహారముగా చెప్పినది. రోగి మూత్రములోని తీపి నిజముగా చక్కెరయే అని 1776లో ఇంగ్లండులో మాథ్యూ డాబ్సన్ నిరూపించెను. 1797లో సైనిక వైద్యుడు జాన్ రోల్లో ఒక అధికారికి రొట్టె, కూరలు మాన్పించి మాంసాహారము పెట్టగా మూత్రములో చక్కెర తగ్గిన సంగతి ప్రకటించెను. తినెడి పిండికి, విసర్జించెడి చక్కెరకు సంబంధము ఉన్నదని తేలినది. కాని ఐరోపావాసిని రొట్టె మానుమనుట మన రైతును సంగటి మానుమనుట వంటిది. రోగులు చాటుగా తినసాగిరి.

పారిస్ వైద్యుడు బూషార్దా ఈ చిక్కును గ్రహించెను. బెకారీ విడదీసిన గ్లూటెన్‌నే తీసికొని, పిండిని కడిగివేసి, దానితో రొట్టె చేయించుట ఆయన మార్గము. ఇది 1840 ప్రాంతపు మాట. 1870–71లో ప్రష్యా సైన్యము పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరములో రొట్టె కరవైనది. ఆ దినములలో తన రోగులలో కొందరి మూత్రమునందు చక్కెర మాయమైనదని ఆయన గమనించెను. కరవు ఒక వైద్యునికి పాఠము చెప్పినది. కార్నిష్ చూచిన కరవు చెప్పిన పాఠము వేరు. లండనులో డాక్టర్ పేవీ గ్లూటెన్‌తో తృప్తిపడక బాదముపొడిని వాడెను. బాదములో కొద్దిగా ఉన్న చక్కెరను కూడ పోగొట్టుటకు దానిని పులుపు కలిపిన వేడినీటితో కడిగి, గ్రుడ్లతో కలిపి బిస్కత్తులు చేయించెను. నేటి పిండి తగ్గించిన కేకులన్నింటికి మూలపురుషుడు ఆ బిస్కత్తే. గింజపొడి, గ్రుడ్డు – అంతకు మించి సూత్రము లేదు.

ఆ తరువాతి అధ్యాయము బాధాకరమైనది. 1914 మొదలు న్యూయార్కులో డాక్టర్ ఆలెన్ పిండిని మాత్రమే గాక మొత్తము ఆహారమునే కోసివేసి రోగులను ఉపవాసములతో నిలిపెను. కూరలను మూడుమారులు ఉడికించి నీరు పారబోసి పెట్టుచుండిరి. కడిగిన తవుడుతో బిస్కత్తులు చేసిరి. పిల్లలు ఎముకల గూళ్ళవలె అయినను కొన్ని నెలలు, కొన్ని సంవత్సరములు ఎక్కువ బ్రతికిరి. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ పరిశోధన ఆరంభించిరి. మాక్లియడ్, కాలిప్ తోడైరి. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి ఇన్సులిన్ ఎక్కించిరి. అప్పటికి వాని బరువు 30 కిలోలు కూడ లేదు. ఆలెన్ పథ్యముతో అంతవరకు ప్రాణము నిలుపుకొన్న కొందరు పిల్లలకు ఆ మందు అందినది, మిగిలినవారికి అందలేదు. తవుడు బిస్కత్తును గూర్చి నవ్వబోవువారు ఈ మాట మరువరాదు.

చిత్రమేమనగా, అరవై ఏండ్లకు ముందు, 1863లో, లండనులో మరొక బాంటింగ్ – శవపేటికల వ్యాపారి విలియం బాంటింగ్ – రొట్టె, చక్కెర, బంగాళాదుంప మాని తన స్థూలకాయము తగ్గించుకొన్న కథను చిన్న పుస్తకముగా అచ్చువేసెను. బరువు తగ్గుటకై పిండి తగ్గించు ఆచారము అక్కడనుండి వ్యాపించినది.

ఇప్పుడు అనంతపురమునకు మరల వత్తము. పేవీ బాదము ఇక్కడ పండదు. కొనవలెనన్న ధర ఎక్కువ. కాని ఈ నేల మీద ఒక దశలో 7 లక్షల హెక్టార్లకు మించి వేరుసెనగ సాగైనది. సీమలో దీనిని శెనక్కాయ అందురు. దక్షిణ అమెరికానుండి సముద్రము దాటి వచ్చిన ఈ పంట 19వ శతాబ్దములో పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సులోని మార్సేల్స్ నూనె మిల్లులకు ఓడల మీద పోయెడిది. దీనికి ‘వేరు’సెనగ అని పేరు వచ్చినను కాయ వేరుకు కాయదు. పూవు నేలపైననే పూయును. అది ఫలదీకరణము చెందిన పిమ్మట దాని అడుగునుండి కాడ ఒకటి సాగి నేలలోనికి దిగును. రైతులు దీనిని ‘ఊడ దిగుట’ అందురు. ఊడ కొనన ఉన్న కాయ మట్టిలో ఊరును. ఊడ దిగునాటికి నేల గట్టిపడినచో పంట పోయినట్లే.

పప్పు కూర్పును చూడుడు. 100 గ్రాముల మైదాలో పిండిపదార్థము సుమారు 74 గ్రాములు. 100 గ్రాముల వేరుసెనగ పప్పులో అది 20 గ్రాములకు లోపు; మాంసకృత్తులు 25 గ్రాములు, క్రొవ్వు 40 గ్రాములకు పైన. 200 గ్రాముల మైదాతో చేసిన కేకును 8 ముక్కలు కోసినచో, చక్కెరను లెక్కింపకయే, ముక్కకు 18 గ్రాముల పైబడిన పిండిపదార్థము వచ్చును. వేరుసెనగ పొడితో చేసినచో 5 గ్రాములు మించదు. అయితే ఇది తేలిక తిండి అనుకొనుట పొరపాటు. క్రొవ్వు ఎక్కువ గనుక 100 గ్రాముల వేరుసెనగ సుమారు 560 కాలరీల శక్తినిచ్చును. మైదా 350 మాత్రమే. రక్తములో చక్కెర పెరుగుట ఒక లెక్క, ఒంటి బరువు పెరుగుట మరొక లెక్క. బేకరీ ప్రకటనలు ఈ రెండింటిని ఒకటిగా కలిపి చెప్పుట కలదు.

నూనె తీసిన పిమ్మట గానుగలో మిగులు దానిని మనవారు చెక్క అందురు. ఆంగ్లములో దీనికిని, పుట్టినరోజున కోసెడి తీపి వంటకమునకును పేరు ఒక్కటే – కేకు! పశువుల తొట్టిలో పడు ఈ కేకు మాంసకృత్తుల గని. నూనె పూర్తిగా లాగిన పిండిలో అవి సగము వరకు ఉండును. మైసూరులో 1950లో ఆరంభమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము డాక్టర్ వి. సుబ్రహ్మణ్యన్ నాయకత్వమున దీనిని మనుష్యుల తిండిగా మార్చుటకు పూనుకొన్నది. శుభ్రముగా తయారుచేసిన వేరుసెనగ పిండి 75 పాళ్ళు, వేయించిన సెనగపిండి 25 పాళ్ళు కలిపి, విటమినులు, ఖనిజములు చేర్చి ‘బహుళార్థ ఆహారము’ అను పొడిని రూపొందించిరి. కార్నిష్ కరవు కూలీకి కోరిన మాంసకృత్తు ఎనుబది ఏండ్ల పిమ్మట ఒక పొట్లములోనికి వచ్చినది.

చాకొలెట్, కొబ్బరి – ఈ రెండును కేకునకు గోదావరి డెల్టానుండి రావచ్చును. కోకో మధ్య అమెరికా పంట. దాని గింజనుండి క్రొవ్వును పిండివేసి పొడి చేయు విధమునకు 1828లో హాలండులో వాన్ హూటెన్ హక్కు పొందెను. చక్కెర కలపని ఆ పొడిలో పీచు ఎక్కువ. నేడు దేశములో కోకో అధికముగా పండించునది ఆంధ్రప్రదేశ్. గోదావరి జిల్లాల కొబ్బరితోటలలోనే, పైన కొబ్బరి, దాని నీడన కోకో పెరుగును. ఒకే తోట నుండి కేకునకు రెండు పొరలు!

చేయు విధములో గమనింపవలసినవి కొన్ని కలవు. పప్పును దోరగా వేయించి, పొట్టు ఊది, పూర్తిగా చల్లారిన పిమ్మట కొద్దికొద్దిగా, ఆగి ఆగి పొడి కొట్టవలెను. ఒక్కపెట్టున తిప్పినచో నూనె విడివడి ముద్ద అగును. ముద్దతో కేకు పొంగదు. గ్లూటెన్ లేదు గనుక భారమంతయు గ్రుడ్డుదే. తెల్లసొనను వేరుచేసి నురుగు నిలబడువరకు గిలకొట్టి, వేరుసెనగ పొడి, కోకో పొడి, కొద్దిపాటి వంటసోడా, పచ్చసొన కలిపిన దానిలో మెల్లగా కలుపవలెను. ఎండుకొబ్బరి పొడి నీటిని విపరీతముగా పీల్చును. ఎక్కువ వేసినచో కేకు ఇసుకవలె రాలును. ఓవెన్ వేడి 160–170 డిగ్రీలు చాలును. మైదా కేకు కంటె మెల్లగా కాలనీయవలెను. వేడిమీద తీయబోయినచో విరుగును, చల్లారినచో గట్టిపడును.

రెండు పొరల నడుమ కొబ్బరి పూత పెట్టునప్పుడు అనంతపురపు ఎండ అడ్డు తగులును. చలిదేశముల వంట పుస్తకములలో కొబ్బరి క్రొవ్వును గిలకొట్టి పూయుమని ఉండును. కొబ్బరి నూనె 24–25 డిగ్రీల వద్ద కరగును. వెన్న కొంచెము పైన. కోకో క్రొవ్వు 34 వద్ద. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ పగటివేడి 40 డిగ్రీలు దాటుట మామూలు. ఆ పూత పూసిన గడియలోనే పళ్ళెములోనికి కారిపోవును. క్రొవ్వు గట్టిపడుట మీద ఆధారపడని పూత కావలెను. చిక్కని కొబ్బరిపాలలో పచ్చసొన కలిపి సన్నని సెగపై, మరుగనీయక, కలుపుచు పోయినచో 80 డిగ్రీల ప్రాంతమున చిక్కబడును. ఇక్కడ పట్టి ఉంచునది మాంసకృత్తుల అల్లిక. ఎండకు అది కరగదు. మరిగించినచో మాత్రము విరిగిపోవును. చేసిననాడే తినవలెను, ఆ వేడిలో నిలువ ఉండదు.

తీపి కొరకు బెల్లమో తేనెయో తాటిబెల్లమో వేసి ‘చక్కెర లేనిది’ అని చెప్పుట తగదు. రక్తములో చేరుసరికి అన్నియు ఒకటే. సాకరిన్‌ను 1879లో అమెరికాలో ఫాల్‌బెర్గ్ కనుగొనెను. ప్రయోగశాలనుండి చేతులు కడుగకుండ భోజనమునకు కూర్చుండుట వలన అది తెలిసినదట. ఎరిత్రిటాల్ అను మరొకదానిని 1848లో స్టెన్‌హౌస్ శిలావల్కములనుండి వేరుచేసెను. అది రక్తములో చక్కెరను పెంచక మూత్రముతో వెలికి పోవును. ఇది రక్తపు గడ్డలకు దోహదము చేయునేమో అను అనుమానము 2023లో ఒక పరిశోధనమునుండి వచ్చినది. సంగతి ఇంకను తేలలేదు. తక్కువ తీపికి నాలుక అలవాటు పడుట అన్నిటికంటె మేలు.

ఉపాధ్యాయులు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఒకటి. ఇన్సులిన్ తీసికొను పిల్లలు తరగతిలో ఉండవచ్చును. ఆ మందు మోతాదు తినబోవు పిండిపదార్థమును బట్టి నిర్ణయింపబడును. మామూలు కేకునకు సరిపోవు మోతాదు పొడిపించుకొని ఈ కేకు తిన్నచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమట, వణుకు, తడబాటు దాని గుర్తులు. అప్పుడు వెంటనే ఇవ్వవలసినది చక్కెరయే. వేరుసెనగ సరిపడని పిల్లలు కూడ కొందరు ఉందురు.

ఇక మిగిలినది విత్తనములోనే దాగిన ప్రమాదము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణము తెలియక చచ్చినవి. వెదకగా మేతలో కలిపిన బ్రెజిల్ వేరుసెనగ చెక్క పట్టుబడినది. దానిమీద పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఒక విషమును స్రవించినది; బూజు పేరును బట్టియే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెరచును, రాచపుండు పుట్టించును. వేరుసెనగ పిండిని పిల్లల ఆహారముగా ప్రపంచమంతట పంచవలెనన్న ఉత్సాహమునకు ఈ దెబ్బ గట్టిగా తగిలినది. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించినట్లు హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలినది. గానుగ ఆడినప్పుడు ఈ విషము నూనెలోనికి పోవునది తక్కువ, చెక్కలోనే నిలుచును. కేకు కాల్చు వేడికి అది నశింపదు. అందుచేత పశువుల కొరకు అమ్ము చెక్కను పొడిచేసి కేకునకు వాడరాదు.

బూజు తడిలోనే పట్టునని అందరి ఊహ. ఈ బూజు విషయములో సగమే నిజము. కాయ ఊరు దశలో వాన ముఖము చాటు చేసి నేల కాగినప్పుడు, వాడిన మొక్క కాయను కాచుకొనలేక మట్టిలోనే బూజునకు లొంగును. అనగా అనంతపురములో పంట తగ్గిన సంవత్సరముననే మిగిలిన పంటలో విషము పాలు పెరుగును. ఇక్కడి రైతులు దశాబ్దములపాటు వేసినది 1940లో విడుదలైన టి.ఎం.వి. 2 రకము. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ నుండి వచ్చిన ఐసిజివి 91114 అను రకము ముందుగా కోతకు వచ్చి, సీజను చివరి బెట్టను కొంతవరకు తప్పించుకొనును. పెరికిన మొక్కలను కాయలు పైకి వచ్చునట్లు బోర్లించి ఆరబెట్టుట, కాయను ఊపినచో లోపలి పప్పు గలగలలాడువరకు ఎండనిచ్చుట, బస్తాలను తడినేల మీద వేయకుండుట రైతు చేతిలోని పనులు. ఇంటిలో చేయవలసినది ఓవెన్ వెలిగించుటకు ముందే ఉన్నది: పప్పును చేటలో పోసి, ముడతపడినవి, రంగు మారినవి, పుచ్చినవి, పగిలినవి ఒక్కొక్కటిగా ఏరి, పశువులకు కూడ వేయక, పారవేయుట.